కారులో రాని భయం విమానంలో ఎందుకు? కర్నూలు, అనంతపురం, కడప ప్రయాణికులు తరచుగా అడిగే ప్రశ్నలు

కర్నూలులో టికెట్లు తీసిపెట్టే దుకాణం మాది. ధర ఎంత, సామాను ఎన్ని కిలోలు అని గట్టిగా అడిగినవాళ్లే, టికెట్ చేతికందాక కుర్చీ ముందుకు జరుపుకుని గొంతు తగ్గించి "భద్రమేనా అండీ?" అంటారు. 2021 మార్చి ఆఖరున ఓర్వకల్లు నుంచి విమానాలు మొదలయ్యాక ఈ గుసగుసలు పెరిగాయి. 2025 జూన్‌లో అహ్మదాబాద్ ప్రమాదం తరువాత ఇంకా పెరిగాయి. కౌంటరు దగ్గర రోజూ చెప్పే జవాబులనే ఇక్కడ రాసిపెట్టాను. ఎవరికి ఏది కావాలో అది మాత్రమే చదువుకోవచ్చు.

## టికెట్ తీయకముందు

విమానం అనుకుంటేనే కడుపులో తిప్పుతుంది. నాకేమైనా జబ్బా?

జబ్బేమీ కాదు. కానీ మీ భయం దేనిదో ముందు తేల్చుకోండి, ఎందుకంటే అందరిదీ ఒకే భయం కాదు. కొందరికి కూలిపోతుందని భయం. కొందరికి ఎత్తంటే భయం. లిఫ్టులో కూడా ఉక్కిరిబిక్కిరయ్యేవాళ్లకు తలుపు మూసెయ్యడమే భయం. పదిమందిలో వాంతి చేసుకుంటానేమో, అరుస్తానేమో, పరువు పోతుందేమో అని బెదిరేవాళ్లూ చాలామందే ఉన్నారు, పైకి మాత్రం చెప్పరు. కూలిపోతుందని భయపడేవారికి లెక్కలు, యంత్రం సంగతులు తెలిస్తే కొంత తెరిపి. తలుపు భయం ఉన్నవారికి ఆ లెక్కలు ఎన్ని చెప్పినా దండగే. వాళ్లకు నడవ పక్క సీటు, ఊపిరి సాధన పనికొస్తాయి. ఈ భయం వల్ల ఉద్యోగం వదులుకోవడం, కూతురి పురుడుకు కూడా పోలేకపోవడం దాకా వస్తే మానసిక వైద్యుణ్ని కలవాల్సిందే. ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416కు ఫోను చేస్తే డబ్బు ఖర్చు లేకుండా, ఏ వేళలోనైనా తెలుగులోనే మాట్లాడవచ్చు.

అహ్మదాబాద్‌లో జరిగింది చూశాక కూడా ఎక్కమంటారా?

ఎక్కమనే అంటాను. 2025 జూన్ 12న ఆ విమానంలో ఉన్న 242 మందిలో 241 మంది పోయారు. నేల మీద ఉన్నవారితో కలిపి మొత్తం 260 మంది. అది చిన్న విషయమని ఎవరూ అనరు. దాని పక్కనే ఇంకో లెక్క పెట్టి చూడండి. కేంద్ర రోడ్డు రవాణా శాఖ లెక్క ప్రకారం 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. సగటున రోజుకు 460 మందికి పైనే. విమానం కూలితే వారం రోజులు టీవీలో అదే దృశ్యం. రోడ్డు చావులు మాత్రం ఒకటీ రెండుగా జిల్లా పేజీలో మూలకు వస్తాయి, మనం పేజీ తిప్పేస్తాం. అంతర్జాతీయ విమాన రవాణా సంఘం లెక్క చూస్తే, 2024లో ప్రపంచమంతటా 4 కోట్లకు పైగా విమాన ప్రయాణాలు జరిగాయి. వాటిలో మనుషుల ప్రాణాలు తీసినవి 7, విమానాల్లో పోయినవారు 244 మంది. ఆ ఏడాది మంచి ఏడాదేమీ కాదు, అంతకుముందు ఏడాదికంటే అధ్వానం. అయినా లెక్క అంతే.

రాజశేఖరరెడ్డి గారంతటివారే పోయారు. మనమెంత?

మన ప్రాంతంలో నన్ను ఎక్కువమంది అడిగేది ఇదే. అడగడంలో అర్థం ఉంది. 2009 సెప్టెంబర్ 2న నల్లమలలో ఏమైందో తెలియక రాత్రంతా టీవీ ముందు కూర్చున్న ఇళ్లు ఇక్కడ ఎన్నో. కానీ అది హెలికాప్టర్. వాన, మబ్బు, కింద కొండలు. హెలికాప్టర్ ప్రయాణం తక్కువ ఎత్తులో సాగుతుంది కాబట్టి వాతావరణం చెడితే తప్పించుకునే చోటు తక్కువ. 2004లో బెంగళూరు జక్కూరు దగ్గర నటి సౌందర్య పోయింది కూడా నలుగురు పట్టే చిన్న విమానంలో. టికెట్ కొని ఎక్కే విమానం సంగతి వేరు. దానికి నిర్ణీత మార్గం, ఇద్దరు పైలట్లు, కింద నుంచి అడుగడుగునా చూస్తుండే నియంత్రణ గది ఉంటాయి. దిగాల్సిన చోట వాతావరణం బాగాలేకపోతే వేరే ఊరికి వెళ్లి దిగేంత ఇంధనం తప్పకుండా ఉంచుతారు. వీఐపీ హెలికాప్టర్‌ను, ప్రయాణికుల విమానాన్ని ఒకే గాటన కట్టకండి.

ఓర్వకల్లు, కడపల్లో దిగేవి ఫంకా ఉన్న చిన్న విమానాలు కదా. పాతకాలపువా?

ఫంకా కనిపించినంత మాత్రాన పాతది కాదు. ఏటీఆర్ 72 అనే ఈ విమానంలో ప్రొపెల్లర్‌ను తిప్పేది కూడా జెట్ ఇంజనులాంటి టర్బైనే. తక్కువ దూరాలకు, చిన్న రన్‌వేలకు ఖర్చు కలిసొస్తుందని దీన్ని వాడతారు. 70 మందికి పైగా పడతారు. గంటకు దాదాపు 500 కిలోమీటర్ల వేగం. పెద్ద జెట్‌లకంటే కింద ఎగురుతుంది కాబట్టి కుదుపులు కొంచెం ఎక్కువ, మోత కూడా ఎక్కువే. ఎక్కేటప్పుడు రెండు ఫంకాలూ ఒకేసారి తిరగకపోతే కంగారుపడకండి, ఒకదాని తరువాత ఒకటే మొదలుపెడతారు. 2023 జనవరి 15న నేపాల్ పోఖరాలో కూలి 72 మంది పోయింది ఇదే రకం విమానంలో, దాచాల్సిన పనిలేదు. అక్కడ పైలట్ ఒక మీట బదులు ఇంకో మీట లాగడంతో ప్రొపెల్లర్లకు శక్తి అందలేదని దర్యాప్తులో తేలింది. యంత్రం పాతబడి విరిగిపడలేదు.

## కారా, విమానమా, రైలా?

స్టీరింగ్ నా చేతిలో ఉంటే నాకు ధైర్యం. అందులో తప్పేముంది?

ధైర్యం తప్పు కాదు. దాన్ని భద్రత అనుకోవడమే తప్పు. గంటకు 100 కిలోమీటర్ల వేగంతో పోయే కారు ఒక్క సెకనులో 28 మీటర్లు దాటుతుంది. మీ వేగం, మీ నిద్ర, మీ బెల్టు మీ చేతిలో ఉన్నాయి, నిజమే. వెలుతురు లేకుండా రోడ్డు పక్కన నిలిపిన లారీ, ఎదురుదారిలో వచ్చే ట్రాక్టరు, డివైడర్ సందులోంచి దూసుకొచ్చే బైకు మాత్రం మీ చేతిలో లేవు.

44వ నంబరు జాతీయ రహదారి మీద మన జిల్లాలో జరిగినవే చూడండి. 2021 ఫిబ్రవరి 14న వెల్దుర్తి మండలం మాదాపురం దగ్గర మదనపల్లె నుంచి అజ్మీర్ వెళ్తున్న మినీ బస్సు లారీని ఢీకొని 14 మంది పోయారు. 2025 అక్టోబర్ 24 తెల్లవారుజామున చిన్నటేకూరు దగ్గర హైదరాబాద్–బెంగళూరు బస్సు రోడ్డు మీదున్న బైకును ఈడ్చుకెళ్లి తగలబడింది. 19 మంది ప్రయాణికులు కాలిపోయారు. వాళ్లలో చాలామంది నిద్రలో ఉన్నారు. విమానంలో మీ చేతిలో ఏమీ ఉండదు, దాన్ని నడిపేవాళ్ల చేతిలో చాలా ఉంటుంది. రోడ్డు మీద మీ చేతిలో కొంత ఉంటుంది, మిగతాది ఎదురుగా వచ్చే ప్రతివాడి చేతిలోనూ ఉంటుంది.

నేను మందు తాగను, మెల్లగా నడుపుతాను. ఆ సగటు లెక్కలు నాకెందుకు?

న్యాయమైన ప్రశ్న. సగటు లెక్క మీకు పూర్తిగా వర్తించదు. 2022 రోడ్డు చావుల్లో 71 శాతం అతివేగం ఖాతాలోనే పడ్డాయి. వాటిలో ద్విచక్ర వాహనాల వాటా కూడా పెద్దదే. పగటిపూట, బెల్టు పెట్టుకుని, హద్దులో నడిపే మనిషికి ముప్పు గణనీయంగా తగ్గుతుంది. అలా తగ్గించుకున్నా దూర ప్రయాణంలో కారు విమానాన్ని అందుకోలేదు. ఇంకో సంగతి కూడా గమనించండి. అదే ఏడాది సీటు బెల్టు పెట్టుకోక పోయినవారు 16,715 మంది. వారిలో దాదాపు సగం మంది డ్రైవర్లు కాదు, పక్కన, వెనక కూర్చున్నవాళ్లు. మీ కారులో వెనక సీటులో అమ్మ, పిల్లలు బెల్టు పెట్టుకుంటున్నారా? జవాబు "లేదు" అయితే, మెల్లగా నడుపుతానన్న మాట సగమే నిజం.

ఏ ఊరికి దేంట్లో పోవాలో సూటిగా చెప్పండి.

ఇది నా అభిప్రాయం, మీ ఇష్టం. కర్నూలు నుంచి హైదరాబాదు 210 కిలోమీటర్ల దగ్గర ఉంటుంది, దానికి విమానం ఆలోచనే వద్దు. అనంతపురం నుంచి బెంగళూరుకు కూడా అంతే. దేవనహళ్లి విమానాశ్రయం మీరు నగరంలోకి పోయే దారిలోనే తగులుతుంది. కర్నూలు నుంచి బెంగళూరు దాదాపు 360 కిలోమీటర్లు, ఇక్కడ నా ఓటు రైలుకు. 2023 సెప్టెంబర్‌లో మొదలైన కాచిగూడ–యశ్వంతపూర్ వందే భారత్ కర్నూలు, అనంతపురం, ధర్మవరం మీదుగానే పోతుంది. కడప నుంచి చెన్నైకీ, హైదరాబాదుకూ రైలే హాయి.

విశాఖపట్నం వచ్చేసరికి లెక్క మారుతుంది. కర్నూలు నుంచి రోడ్డు మీద 700 కిలోమీటర్ల దాకా ఉంటుంది, అంటే ఒక పగలంతా స్టీరింగ్ ముందే. ఢిల్లీ, ముంబై, కోల్‌కతా సంగతి చెప్పనే అక్కర్లేదు. అక్కడ కారు ఎంచుకునేవాడు భయానికి చాలా ఎక్కువ ధర కడుతున్నాడు. ఓర్వకల్లు, కడపల నుంచి విమానాలు ఏ రోజుల్లో, ఏ ఊళ్లకు ఉన్నాయన్నది మారుతూ ఉంటుంది కాబట్టి తేదీ అనుకున్నాక ముందు అది చూసుకోండి.

విమానం భయం కాబట్టి రాత్రికి రాత్రి కారులో పోతే ఏమవుతుంది?

నా దగ్గరికి వచ్చేవారిలో నేను గట్టిగా వద్దనేది దీన్ని ఒక్కదాన్నే. పగలంతా పనిచేసి, అన్నం తిని, తొమ్మిదింటికి బయల్దేరితే తెల్లవారుజామున రెండు నుంచి ఐదు గంటల మధ్య ఎక్కడో హైవే మీద ఉంటారు. శరీరం నిద్రకు పడిపోయే వేళ అదే. కిటికీ దించడం, పాటలు పెద్దగా పెట్టడం, డోన్ దగ్గర టీ తాగడం నిద్రను ఆపవు. కాసేపు మభ్యపెడతాయి, అంతే. పక్కకు సురక్షితంగా ఆపి ఇరవై నిమిషాలు కునుకు తీస్తేనే ఏమైనా ప్రయోజనం.

అమెరికాలో 2001 సెప్టెంబర్ 11 దాడుల తరువాత ఏడాదిపాటు చాలామంది విమానాలు మాని కార్లు ఎక్కారు. దానివల్ల రోడ్ల మీద అదనంగా దాదాపు 1,500 మంది చనిపోయారని గెర్డ్ గిగరెంజర్ అనే జర్మన్ మనస్తత్వ శాస్త్రవేత్త లెక్కగట్టాడు. వాళ్లంతా భద్రంగా ఉందామనుకునే కారు ఎక్కారు. విమానం వద్దనుకుంటే రైలెక్కండి. కారే కావాలంటే నిద్రపోయి లేచి తెల్లవారాక బయల్దేరండి, నడపడానికి ఇద్దరుండాలి. కడప నుంచి రాయచోటి వైపు పోయేవాళ్లు గువ్వలచెరువు ఘాట్‌ను పగటి వెలుతురులోనే దాటండి.

కువైట్ విమానం చెన్నైలో అర్ధరాత్రి. మా ఊరి నుంచి కారు మాట్లాడుకున్నాం. పరవాలేదా?

ఇంటిల్లిపాదీ ఆ విమానం గురించి భయపడుతుంటారు, కారు గురించి ఒక్కరూ అడగరు. ఈ ప్రయాణంలో ఎక్కువ ప్రమాదకరమైన ముక్క మీ ఊరి నుంచి విమానాశ్రయం దాకా ఉన్న రోడ్డే. రాయచోటి, రాజంపేట, బద్వేలు వైపు నుంచి సాగనంపడానికి ఎనిమిది మంది ఒకే కారులో కూరుకుంటారు. పోయేటప్పుడు అందరూ మెలకువగానే ఉంటారు. అసలు చిక్కు తిరుగు ప్రయాణంలో. ఏడ్చి అలసిపోయి అందరూ నిద్రపోతే, డ్రైవరు ఒక్కడే మేలుకోవాలి. అతను ముందురోజు రాత్రి కూడా ఇదే బేరం చేసి ఉండవచ్చు. కాబట్టి బేరం కుదిరేటప్పుడే "నిన్న రాత్రి పడుకున్నావా నాయనా?" అని అడగండి. డబ్బు తగ్గించమనే ముందు ఈ మాట అడగాలి. సాగనంపేవాళ్లు ఇద్దరు చాలు. వీలైతే ముందురోజు పగలు రైల్లో వెళ్లి, స్టేషను దగ్గరో విమానాశ్రయం దగ్గరో గది తీసుకోండి. కారులోనే పోతే తిరుగు ప్రయాణం తెల్లవారాకే పెట్టుకోండి.

## ప్రయాణం దగ్గరపడ్డాక

వారం ముందు నుంచే నిద్ర పట్టడం లేదు. రద్దు చేసుకోనా?

రద్దు చేసుకున్న క్షణంలో ఎంత హాయిగా ఉంటుందో తరువాతి ప్రయాణానికి భయం అంత బలుస్తుంది. తప్పించుకున్న ప్రతిసారీ "చూశావా, పోకపోవడమే మంచిదైంది" అని మనసు లెక్క రాసుకుంటుంది. టికెట్ ఉంచండి. ప్రమాదాల వీడియోలు మాత్రం ఈ వారం చూడకండి. ఒకటి చూస్తే ఫోను ఇంకో పది తెచ్చి ముందు పెడుతుంది. ఎవరినైనా దింపే పని పడితే ఓర్వకల్లు దాకా వెళ్లి, విమానం లేచి కనుమరుగయ్యేదాకా నిలబడి చూసి రండి. మన దగ్గర ఎండాకాలం మధ్యాహ్నాల్లో నేల కాగి వేడిగాలి పైకి లేస్తుంది, దాంతో కుదుపులు ఎక్కువ. ఎంచుకునే వీలుంటే ఉదయం విమానం తీసుకోండి.

ఏ సీటు తీసుకుంటే భయం తక్కువ?

కుదుపులంటే భయమున్నవారు రెక్క దగ్గరి వరుసల్లో కూర్చోవాలి, ఊపు అక్కడ తక్కువ తెలుస్తుంది. మూసేసినట్టుండటం పడనివారికి నడవ పక్క సీటు. బయట ఏం జరుగుతోందో కనిపిస్తేనే కుదుటపడేవారికి కిటికీ. మధ్య సీటు ఎవరికీ మంచిది కాదు. ఏటీఆర్‌లో అటు రెండు, ఇటు రెండే కాబట్టి అందులో ఆ బాధ లేదు.

నిద్రమాత్ర వేసుకోవచ్చా? ఒక పెగ్గు పడితే ధైర్యం వస్తుందంటారు.

మందుల దుకాణంలో అడిగి తెచ్చుకుని వేసుకోవద్దు. ఆల్‌ప్రజోలాం లాంటివి డాక్టరు రాస్తేనే, ఆయన చెప్పిన మోతాదులోనే వాడాలి. అది కూడా విమానంలోనే మొదటిసారి వేసుకోకూడదు, మీ ఒంటికి ఎలా పడుతుందో ముందే ఇంట్లో తెలుసుకోవాలి. గుండెదడ తగ్గించే ప్రొప్రనొలాల్ ఆస్తమా ఉన్నవారికి ప్రమాదం. ఈ మాత్రల మీద మద్యం తాగితే ఊపిరి మందగించే ముప్పుంది. దేశంలో తిరిగే విమానాల్లో మద్యం ఇవ్వరు. బయట తాగి తూలుతూ వస్తే ఎక్కించుకోకపోయే హక్కు వాళ్లకుంది.

మా చిన్నమ్మ మొదటిసారి కువైట్ పోతోంది. విమానమంటే వణికిపోతోంది. ఏం చెప్పాలి?

ముందు ఆమెను మాట్లాడనివ్వండి. చాలాసార్లు ఆ వణుకు విమానం గురించి కాదు. ఎక్కడ తప్పిపోతానో, ఎవరేమడిగితే ఏం చెప్పాలో, మరుగుదొడ్డి తలుపు ఎలా తీయాలో అన్న భయమది. కాగితాలు పోతే ఏం చేయాలన్నది ఇంకో బెంగ. వాటికి జవాబులు దొరికితే విమానం భయం సగానికి దిగుతుంది.

పాస్‌పోర్టు, వీసా, టికెట్ మెడలో వేలాడే చిన్న సంచిలో పెట్టండి. అక్కడ తీసుకెళ్లడానికి వచ్చేవారి పేరు, ఫోను నంబరు కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసివ్వండి, ఫోను చార్జింగ్ అయిపోయినా కాగితం ఉంటుంది. కదిలే మెట్లు ఎప్పుడూ ఎక్కి ఉండకపోతే ఊళ్లో ఏ పెద్ద దుకాణంలోనో ఒకసారి ఎక్కించండి. సీటు బెల్టు గురించి తప్పకుండా చెప్పండి. కారు బెల్టుకు ఎర్ర మీట నొక్కుతాం. విమానంలో బెల్టు కట్టు మీదుండే లోహపు రేకును పైకెత్తాలి. ఇది తెలియక దిగేటప్పుడు లాగి లాగి, ఇరుక్కుపోయానని హడలిపోయేవాళ్లున్నారు. మరుగుదొడ్డిలో నీళ్ల మీట నొక్కితే గాలి పీల్చుకున్నట్టు పెద్ద చప్పుడవుతుంది, ఏదో పగిలిందనుకుంటారు. ఆ ఒక్క మాట ముందే చెబితే చాలు. నడవలేని పెద్దవాళ్లైతే టికెట్ తీసేటప్పుడే చక్రాల కుర్చీ అడగండి, మనిషి వెంట ఉండి విమానం దాకా తీసుకెళ్తాడు.

## విమానాశ్రయంలో

ఎంత ముందు చేరాలి?

దేశంలో ప్రయాణమైతే రెండు గంటలు, విదేశానికైతే మూడు గంటలు ముందు. ఆధార్ లాంటి గుర్తింపు కార్డు చేతికందేలా ఉంచుకోండి. పవర్ బ్యాంకు చేతి సంచిలోనే పెట్టాలి, అప్పగించే సామానులో పెట్టనివ్వరు. పరిగెత్తుకుంటూ వచ్చి ఎక్కితే పరుగు వల్ల కొట్టుకుంటున్న గుండెను కూడా భయమనుకుంటారు. కాఫీ ఆ పూటకు మానేయండి.

తనిఖీ దగ్గర చేతులు వణికితే అనుమానిస్తారా?

వణికేవాళ్లను వాళ్లు రోజూ చూస్తారు. "మొదటిసారి సార్" అని చెప్పండి, సరిపోతుంది.

విమానం ఆలస్యం అంటున్నారు. ఏదో లోపం ఉన్నట్టే కదా?

లోపం ఉంటే సరిచేసేదాకా ఎగరరు, ఆలస్యానికి అర్థం అదే. మంచు పట్టి రన్‌వే సరిగా కనిపించకపోయినా, దిగాల్సిన ఊళ్లో ఉరుములు మెరుపులున్నా నిలిపేస్తారు. మన బస్సులు, లారీలు మంచులో ఆగుతాయా?

## గాల్లో

లేచిన నిమిషానికే కిందికి జారినట్టు అనిపిస్తుంది. ఎందుకు?

లేవడానికి ఇంజన్లకు ఎక్కువ శక్తి ఇస్తారు. కొంత ఎత్తు చేరాక తగ్గిస్తారు. మోత తగ్గుతుంది, వీపును సీటుకు నొక్కిన బలం సడలుతుంది. చెవి, కడుపు కలిసి దాన్ని పడిపోవడంగా చెబుతాయి, విమానం మాత్రం పైకే పోతుంటుంది. నేల వదిలిన కొన్ని సెకన్లకు కాళ్ల కింద ధన్‌మని వినిపించేది చక్రాలు లోపలికి ముడుచుకోవడం. ఏటీఆర్‌లో రెక్క కింద కిటికీ దొరికితే చక్రం మడిచి పొట్టలోకి పోవడం కళ్లారా చూడవచ్చు. దిగేముందు గర్రుమనేది రెక్కల వెనక అంచులు కిందికి జరగడం. దిగిన వెంటనే ఒక్కసారిగా హోరెత్తితే అది వేగం తగ్గించడానికే.

కుదుపులకు రెక్క విరిగిపోదా?

విమానానికి జీవితకాలంలో ఎదురుకావచ్చని లెక్కగట్టిన గరిష్ఠ బరువుకు ఒకటిన్నర రెట్లు మోపినా రెక్క తట్టుకోవాలి. పరీక్షించి చూపితేనే ఆ నమూనాకు అనుమతి. పరీక్షలో రెక్కను విల్లులా పైకి వంచుతారు. కుదుపుల్లో దెబ్బ తగిలేది విమానానికి కాదు, బెల్టు లేని మనుషులకు. 2024 మే 21న లండన్ నుంచి సింగపూర్ వెళ్తున్న విమానం తీవ్రమైన కుదుపుల్లో చిక్కుకుంది. ఒక పెద్దాయన చనిపోయారు, గుండెపోటు కావచ్చన్నారు. చాలామందికి గాయాలయ్యాయి. విమానం మాత్రం బ్యాంకాక్‌లో భద్రంగా దిగింది. బెల్టు గుర్తు ఆరిపోయినా కూర్చున్నంతసేపూ బెల్టు వదులుగానైనా పెట్టుకునే ఉండండి.

ఇంజన్ ఆగిపోతే రాయిలా పడిపోమా?

పడిపోము. రెండు ఇంజన్ల విమానం ఒక్క ఇంజనుతో ఎగరగలదు, రన్‌వే వదిలే క్షణంలో ఒకటి ఆగినా లేవగలగాలన్నది నిబంధన. రెండూ ఆగినా రెక్కల మీద జారుతూ చాలా దూరం పోతుంది. 2001 ఆగస్టులో అట్లాంటిక్ మీద ఇంధనం కారిపోయి రెండు ఇంజన్లూ ఆగిన ఒక కెనడా విమానం దాదాపు 120 కిలోమీటర్లు అలా జారి, అజోర్స్ దీవుల్లో దిగింది. అందులోని 306 మందీ బతికారు. 2009 జనవరి 15న పక్షులు తగిలి రెండు ఇంజన్లూ పోతే న్యూయార్క్‌లో హడ్సన్ నది మీద దింపారు, 155 మందీ బయటపడ్డారు.

పిడుగు పడితే?

పడుతుంది, పడినా ఏమీ కాకుండానే కట్టారు. విద్యుత్తు పైపొర మీదుగా పారి బయటికి పోతుంది. పెద్ద చప్పుడు, వెలుగు మాత్రం హడలెత్తిస్తాయి.

ఊపిరి ఆడదు, గుండె ఆగిపోతుందేమో అనిపిస్తుంది. తలుపు తీసుకుని బయటికి పోవాలనిపిస్తే?

తలుపు సంగతి ముందు. అంత ఎత్తులో లోపలి గాలి ఒత్తిడి తలుపును బిగించి ఉంచుతుంది, ఎంతటి బలవంతుడు లాగినా రాదు. అది మీ చేతిలో లేదని తెలియడం కొందరికి పెద్ద నిశ్చింత.

ఇక ఊపిరి. భయంలో మనం గాలి తక్కువ కాదు, ఎక్కువగా పీలుస్తాం. దాంతో వేళ్లు, పెదవులు తిమ్మిరెక్కుతాయి, తల తిరుగుతుంది, అది చూసి ఇంకా భయపడతాం. కాబట్టి గట్టిగా పీల్చకండి. ముక్కుతో నాలుగు అంకెలు లెక్కపెడుతూ పీల్చి, ఆరు అంకెలు లెక్కపెడుతూ నెమ్మదిగా వదలండి. వదలడమే ముఖ్యం. అరికాళ్లు నేలకు ఆనించి, పిడికిళ్లు బిగించి వదలండి. ముందు సీటు వెనక జేబులో ఉండే భద్రతా అట్ట తీసి అక్షరం అక్షరం చదవండి. ఈ ఉధృతి సాధారణంగా పది నిమిషాల్లో తారాస్థాయికి చేరి తగ్గుముఖం పడుతుంది. దానితో కుస్తీ పట్టకండి, "వచ్చింది, పోతుంది" అని ఉండండి. ఎక్కేటప్పుడే ఎయిర్ హోస్టెస్‌కు "నాకు భయం" అని తెలుగులో చెప్పినా సరే, మధ్యలో వచ్చి పలకరిస్తారు. ఇంతకుముందే గుండెజబ్బు ఉన్నవాళ్లకు ఛాతీలో నొప్పి వస్తే మాత్రం భయమని ఊరుకోకుండా వెంటనే సిబ్బందిని పిలవాలి.

విష్ణు సహస్రనామం చదువుకుంటే పక్కవాళ్లు నవ్వుతారా?

నవ్వితే నవ్వనివ్వండి. లయగా చదివేటప్పుడు శ్వాస దానంతటదే నిదానిస్తుంది. మా దగ్గర టికెట్ తీసుకునేవారిలో కడప పెద్ద దర్గా తాయెత్తు పట్టుకుని ఎక్కేవాళ్లూ, బైబిలు తెరిచి కూర్చునేవాళ్లూ ఉన్నారు. బెల్టు పెట్టుకుని చదవండి.

చెవులు దిబ్బడ వేస్తే?

గుటక వేయండి, ఆవులించండి, చప్పరించడానికి ఏదైనా ఉంచుకోండి. చంటిపిల్లలకు దిగేటప్పుడు పాలు పట్టండి. జలుబు బాగా ఉంటే ముందే డాక్టరును అడగండి.

## దిగాక

ఒకసారి వెళ్లొచ్చాను. అయినా భయం పోలేదు.

ఒక్కసారికి పోదు. రెండో ప్రయాణం రెండు, మూడు నెలల్లో పెట్టుకుంటే మొదటిదాని ఫలితం నిలుస్తుంది, ఏళ్లు గడిస్తే మళ్లీ మొదటికొస్తుంది. గుండె దడదడలాడుతూనే వెళ్లి రావడం కూడా వెళ్లి రావడమే. అప్పటికీ తగ్గకపోతే, భయపడే సంగతికి కొద్దికొద్దిగా అలవాటు చేస్తూ ఆలోచన తీరును మార్చే చికిత్స ఉంది. దీనికి మంచి ఫలితాలే ఉన్నాయి. మనకు దగ్గరలో బెంగళూరులో నిమ్హాన్స్ అనే పెద్ద మానసిక వైద్యశాల ఉంది.

తిరుగు టికెట్ వదిలేసి స్నేహితుడి కారులో వచ్చేస్తే?

అతను ఎప్పుడు బయల్దేరతాడు, ఎంతసేపు నిద్రపోయాడు, వెనక సీటులో బెల్టులు పనిచేస్తాయా అని అడగండి. విమానం గురించి నన్ను అడిగినన్ని ప్రశ్నలు అతన్నీ అడిగాక నిర్ణయించుకోండి.

ఎవరెన్ని చెప్పినా నేను ఎక్కను. ఏం చేయను?

ఎక్కకండి. దేశం లోపల రైలు లేని పెద్ద ఊరు దాదాపు లేదు, రైలు ప్రయాణం కారుకంటే ఎంతో భద్రం. ముందే అనుకోవాలి, అంతే. 2024 నవంబర్ 1 నుంచి రైలు రిజర్వేషన్ 120 రోజుల బదులు 60 రోజుల ముందు మాత్రమే తెరుచుకుంటోంది. పెళ్లికో, కాలేజీలో చేరడానికో తేదీ తెలిసిన రోజే క్యాలెండర్లో 60 రోజులు వెనక్కి లెక్కపెట్టి గుర్తు పెట్టుకోండి. ఆ రోజు ఉదయం ఎనిమిదింటికి తెరవగానే టికెట్ తీసేయండి. పండగ రోజుల్లో ఎనిమిదీ పావుకే వెయిటింగ్ లిస్టు మొదలవుతుంది.